సలహా కూడా ఇవ్వని మనిషికి ఫీజెందుకు?

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్ళకి వినిపిస్తోందా? ఆ, సరే, మైకు కొంచెం దగ్గరికి లాక్కుంటా.

ముందు ఒక చిన్న గొడవ తీర్చేసుకుందాం. కోచింగ్ అనగానే మనలో చాలామందికి బుర్రలో వెలిగేది పరీక్షల కోచింగే. నేను చేసేది అది కాదు, పర్సనల్, ప్రొఫెషనల్ కోచింగ్, అంటే ఉద్యోగంలోనో జీవితంలోనో ఎటెళ్ళాలో మనిషి తనే తేల్చుకునేలా ప్రశ్నలడిగి వినడం. మొన్నొకాయనతో నేను కోచ్‌ని అని చెప్తే "ఏ సబ్జెక్ట్ మేడమ్?" అని అడిగారు. సబ్జెక్టేం లేదండీ, వచ్చినవాళ్ళే సబ్జెక్ట్ అన్నాను. ఆయనకి అర్థం కాలేదు, నిజం చెప్పాలంటే నేను చెప్పిన తీరు కూడా కాస్త పోజుగానే ఉంది. (నవ్వులు) ఇంకా నా చిన్ననాటి స్నేహితురాలొకావిడ ఉంది, ఆవిడైతే మొహమాటం లేకుండా అడిగేసింది, "సమస్యకి పరిష్కారం నువ్వు చెప్పవు, సలహా ఇవ్వవు, పాఠం చెప్పవు, మందు రాయవు, మరి ఫీజెందుకు తీసుకుంటున్నావే?" అని. ఇవాళ నేను మాట్లాడబోయేదంతా ఆవిడకి చెప్పాల్సిన జవాబే అనుకోండి, అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయా.

ఈ కోచ్ అనే మాట ఎక్కడ పుట్టిందో తెలుసా? హంగరీలో కోచ్ అని ఒక చిన్న ఊరుంది. 15వ శతాబ్దంలో అక్కడ మంచి గుర్రపు బండ్లు తయారయ్యేవి, ఊరి పేరే బండికి పేరైపోయి, అక్కడి నుంచి యూరప్ భాషలన్నీ తిరిగి ఇంగ్లీషులోకొచ్చింది. మనం రైల్లో ఎక్కే కోచ్ కూడా అదే. తర్వాత 1830ల్లో ఆక్స్‌ఫర్డ్ కుర్రాళ్ళు తమని పరీక్ష గట్టెక్కించే ట్యూటర్ని వెటకారంగా కోచ్ అనడం మొదలెట్టారు, అంటే ఈయన మీదెక్కి కూర్చుంటే అవతలి ఒడ్డుకి మోసేస్తాడు అని. ఆటల్లోకి ఆ మాట వచ్చింది 1860ల్లో. కాబట్టి చరిత్ర ప్రకారం చూస్తే "ఏ సబ్జెక్ట్ మేడమ్" అన్నాయనే కరెక్టు, ఆ కోచింగే ముందు పుట్టింది, నేనే లేటుగా వచ్చినదాన్ని.

నాకు మాత్రం ఆ పాత బండి అర్థమే ఇష్టం. బండెక్కినాయన ఎక్కడికెళ్ళాలో చెప్తాడు, తోలేవాడు తీసుకెళ్తాడు. తోలేవాడు మధ్యలో వెనక్కి తిరిగి "అక్కడికెందుకండీ, మా వాళ్ళింటికి పోదాం పదండి" అన్నాడనుకోండి, దిగిపోతాం కదా? సలహాలిచ్చే కోచ్ చేసేది అదే.

ఇప్పుడు మనం పర్సనల్ కోచింగ్, ప్రొఫెషనల్ కోచింగ్ అంటున్న పద్ధతికి బీజం పడింది ఒక టెన్నిస్ కోర్టులో. టిమోతీ గాల్వే అని కాలిఫోర్నియాలో టెన్నిస్ నేర్పేవారు, 1970ల మొదట్లో సంగతి. ఆయన గమనించిందేంటంటే, మోచెయ్యి ఇలా పెట్టు, మణికట్టు అలా తిప్పు, కాలు ముందుకెయ్యి అని ఎంత ఎక్కువ చెప్తే నేర్చుకునేవాళ్ళు అంత కర్రలా బిగుసుకుపోతున్నారు. ఎందుకంటే వాళ్ళ తలలో అప్పటికే ఒక గొంతుంది, "ఛ, మళ్ళీ తప్పు కొట్టావ్, సరిగ్గా కొట్టు" అని తిట్టే గొంతు, ఈయన చెప్పేదంతా పోయి ఆ గొంతుకే బలమిస్తోంది. అందుకని ఆయన చెప్పడం తగ్గించి ఒక చిన్న పని పెట్టారు: బంతి నేలకి తగిలినప్పుడు "పడింది" అను, నీ రాకెట్‌కి తగిలినప్పుడు "కొట్టా" అను, అంతే, ఇంకేం ఆలోచించకు. పడింది, కొట్టా, పడింది, కొట్టా. ఆ మాట సమయానికి అనాలంటే బంతిని నిజంగా చూడాలి కదా, ఆ ధ్యాసలో పడితే తిట్టే గొంతు కాసేపు ఊరుకుంటుంది, చెయ్యి దానంతటదే సర్దుకుంటుంది. 1974లో ఆయన ఇదంతా పుస్తకంగా రాశాక టెన్నిస్ వాళ్ళే కాదు, కంపెనీల వాళ్ళు కూడా ఎగబడి చదివారు.

ఆ పద్ధతిని బ్రిటన్‌కి తీసుకెళ్ళినవాళ్ళలో జాన్ విట్‌మోర్ ఒకరు. ఈయన మొదట కార్ రేసర్, 1965లో యూరోపియన్ టూరింగ్ కార్ ఛాంపియన్. 1980ల్లో ఈయనా, ఈయన సహచరులూ కలిసి ఆఫీసులకి పనికొచ్చేలా దాన్ని మలిచారు. గ్రో మోడల్ అని మీలో కొందరు ట్రైనింగుల్లో వినే ఉంటారు, గమ్యం ఏంటి, ఇప్పుడున్న పరిస్థితి ఏంటి, దారులేమున్నాయి, వీటిలో ఏది చేస్తావు, ఈ నాలుగూ. ఇది చాలా మంచి సాధనం, ఇంకో పక్క దీన్ని చూస్తే నాకు చిరాకు కూడా, ఎందుకంటే మేనేజర్లు దీన్ని ఫారమ్ నింపినట్టు వాడతారు. గమ్యం రాసుకున్నావా, టిక్కు, పరిస్థితి, టిక్కు, ఐదు నిమిషాల్లో అయిపోతుంది. అసలు పనంతా ఆ రెండో దాంట్లో ఉంది, పరిస్థితి ఏంటి అన్నదాంట్లో. అక్కడ ముప్పావుగంట కూర్చోగలిగితే మిగతా మూడూ వాటంతటవే వస్తాయి.

ఎలా వస్తాయో ఒకటి చూపిస్తా. వివరాలు మార్చాను, ఆవిడ అనుమతి కూడా తీసుకున్నా. ఒకావిడ కొత్తగా టీమ్ లీడ్ అయ్యారు. వచ్చి కూర్చోగానే అన్న మొదటి మాట, "నాకు టైమ్ మేనేజ్‌మెంట్ రావట్లేదండీ, టెక్నిక్స్ ఏమైనా చెప్పండి." నా దగ్గర టెక్నిక్స్ బోలెడున్నాయి, నాలుక చివరి దాకా వచ్చేశాయి కూడా. మింగేసి అడిగాను.

"నిన్న రాత్రి లాప్‌టాప్ ఎన్నింటికి మూశారు?"

"పన్నెండున్నర."

"ఆ చివరి గంటలో ఏం చేస్తున్నారు?"

"టీమ్‌లో ఒకబ్బాయి రిపోర్ట్ పంపాడు. అది సరిచేశా."

"ఏం సరిచేశారు?"

"వాక్యాలు... రెండు టేబుల్స్ మార్చా. ఫాంట్ కూడా."

"అవి మార్చకుండా పంపేసుంటే ఏమయ్యేది?"

ఆవిడ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. నా చేతిలో పెన్ను ఉంది, దాని మూత వైపు చూస్తూ కూర్చున్నా. ఇలాంటప్పుడు సెకన్లు ఎంత పొడుగ్గా ఉంటాయో మీకు చెప్పలేను, పక్క గదిలో ప్రింటర్ తిరుగుతున్న చప్పుడు కూడా వినపడుతోంది. తర్వాత ఆవిడ నెమ్మదిగా, "ఏం కాదు" అన్నారు. మళ్ళీ కాసేపాగి, "ఏం కాదండీ. కానీ లీడ్ అయ్యాక నాదంటూ చేతిలో పనేం మిగల్లేదు. ఆ రిపోర్ట్ దిద్దుతున్నప్పుడే నేను ఇవాళ ఏదో పని చేశాను అనిపిస్తుంది" అన్నారు.

చూశారా, ఎక్కడ మొదలై ఎక్కడికొచ్చిందో. టైముతో దీనికి సంబంధమే లేదు. నేను మొదట్లోనే టెక్నిక్స్ చెప్పుంటే ఆవిడ శ్రద్ధగా నోట్ చేసుకుని వెళ్ళి, మిగిల్చిన టైములో ఇంకో రెండు రిపోర్టులు దిద్దుండేవారు.

తర్వాత ఏం చేద్దామనుకుంటున్నారు అని అడిగితే, గురువారం వచ్చే రిపోర్టుని దిద్దకుండా మూడు కామెంట్లు రాసి వెనక్కి పంపుతా అన్నారు. ఇక్కడ చాలామంది కోచ్‌లు "సూపర్, ఆల్ ది బెస్ట్" అని లేచిపోతారు. లేవకూడదు. అనుకున్నంత మాత్రాన పని జరగదు, ఎప్పుడు, ఎక్కడ, అడ్డమొస్తే ఏం చేస్తాను అన్నది ముందే కట్టుకుంటే జరిగే అవకాశం బాగా పెరుగుతుంది, దీని మీద పీటర్ గోల్విట్జర్ అనే సైకాలజిస్ట్ చాలా ఏళ్ళు పని చేశారు. అందుకే అడిగాను, దిద్దాలని చెయ్యి లాగితే ఏం చేస్తారు అని. ఆవిడ నవ్వి, "లాప్‌టాప్‌లో తెరిస్తే దిద్దేస్తా, నా సంగతి నాకు తెలుసు. ఫోన్లో చదువుతా. ఫోన్లో ఫాంట్ మార్చడం మహా చిరాకు, ఓపికుండదు" అన్నారు. ఈ ఫోన్ ఐడియా నాకు వందేళ్ళకి వచ్చేది కాదండీ. తన బలహీనత ఏ మూల ఉందో తనకే తెలుసు, తాళం కూడా తనే చేసుకుంది. ఫీజెందుకు అని అడిగింది కదా నా స్నేహితురాలు, ఆ పెన్ను మూత చూస్తూ ఊరుకున్న టైముకి తీసుకుంటా ఫీజు.

మాట్లాడకుండా ఊరుకోవడం గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే వినడానికి ఇది తేలిగ్గా ఉంటుంది, చెయ్యడానికి ప్రాణం మీదికొస్తుంది. మేరీ బడ్ రో అని అమెరికాలో ఒక విద్యా పరిశోధకురాలు, 1970ల్లో క్లాస్‌రూముల టేపులు పెట్టుకుని విన్నారు. టీచర్ ప్రశ్న అడిగాక జవాబు కోసం ఎంతసేపు ఆగుతోంది అని. సగటున ఒక్క సెకను! సెకను దాటగానే ఇంకొకర్ని అడగడమో, తనే చెప్పేయడమో. అదే టీచర్లని కనీసం మూడు సెకన్లు ఆగమంటే పిల్లల జవాబులు పొడుగయ్యాయి, ఎప్పుడూ నోరు విప్పని పిల్లలు కూడా మాట్లాడటం మొదలెట్టారు, తెలీదు అనేవాళ్ళు తగ్గారు. మూడే సెకన్లు! మీరు ఇంటికెళ్ళాక ఎవర్నైనా ఏదైనా అడిగి మనసులో మూడు లెక్కపెట్టి చూడండి, రెండు దగ్గరే మీ నోరు తెరుచుకుంటుంది.

నా సంగతే చెప్తా. కొత్తలో నేను ట్రైనింగ్‌లో ఉన్నప్పుడు ఒక సెషన్ రికార్డ్ చేసి మా మెంటర్‌కి వినిపించాలి, క్లయింట్‌ని అడిగే రికార్డ్ చేశాం. నాకైతే సెషన్ అదిరిపోయింది అనిపించింది, ఆయన ఉద్యోగం మారాలా వద్దా అనే డైలమాలో ఉంటే నేను నా అనుభవం అంతా రంగరించి పోశాను, ఆయన తలూపుతూనే ఉన్నాడు, వెళ్ళేటప్పుడు థాంక్స్ కూడా చెప్పాడు. మా మెంటర్ గడియారం దగ్గర పెట్టుకుని మొత్తం విన్నారు. గంట సెషన్‌లో నేను మాట్లాడింది నలభై ఒక్క నిమిషాలు. ఆవిడ కోప్పడలేదు, ఏమీ అనలేదు, ఒక్కటే అడిగారు, "ఇందులో క్లయింట్ ఎవరు?" అని. (నవ్వులు) ఇప్పుడు నవ్వుతున్నా గానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ క్లయింట్ మళ్ళీ రాలేదు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు, నేను మరీ ఘోరం, వినేవాడి చేత ఫీజు కట్టించుకుని మరీ లోకువ చేశాను.

ఈ సలహా దురద ఎవరికో కాదు, మంచివాళ్ళకే ఎక్కువ ఉంటుంది. ఎదుటివాడు గుంటలో పడబోతుంటే చెయ్యి పట్టి లాగాలనిపిస్తుంది కదా, అదే. తాగుడు మాన్పించే కౌన్సెలింగ్‌లో విలియం మిల్లర్, స్టీఫెన్ రోల్నిక్ అని ఇద్దరు దీన్ని బాగా పట్టుకున్నారు. మనిషి ఎటూ తేల్చుకోలేక ఊగుతున్నప్పుడు, మీరు ఒక పక్క నుంచి "మానెయ్" అని తోస్తే, అతను తెలీకుండానే రెండో పక్కకి పోయి వాదిస్తాడు, "ఎలా మానతానండీ, నా పరిస్థితి మీకేం తెలుసు" అని. అలా వాదించి వాదించి ఆ రెండో పక్కనే గట్టిపడిపోతాడు. అంటే మీ మంచి సలహాతో మీరే అతన్ని చెడగొట్టారన్నమాట. ఇది చదివినప్పుడు నేను ఇంట్లో జరిగిన కనీసం ఇరవై గొడవలు గుర్తు చేసుకున్నా.

అలాగని కోచ్ అంటే ప్రశ్నలు అడిగే మిషన్ అనుకోకండి. "మీకేమనిపిస్తోంది, దాని గురించి ఇంకేమనిపిస్తోంది" అని గంటంతా అదే అడిగేవాళ్ళని చూశాను, కొట్టాలనిపిస్తుంది. నేను చూసింది నేను చెప్పాలి. మీరు ఉద్యోగం గురించి మాట్లాడినంతసేపూ కుర్చీలో వెనక్కి వాలున్నారు, ఆ ట్రైనింగ్ ప్రోగ్రాం మాట రాగానే ముందుకి జరిగారు, గమనించారా? అని చెప్పడం నా పనే. అది సలహా కాదు, అద్దం.

అద్దం అంటే గుర్తొచ్చింది. అతుల్ గవాండే అని పేరున్న సర్జన్, రాస్తారు కూడా. ఆయన ఎనిమిదేళ్ళు సర్జరీలు చేశాక గమనించారు, తన ఫలితాలు ఏటేటా మెరుగయ్యేవి కాస్తా ఒక చోట ఆగిపోయాయి. నా శక్తి ఇంతేనేమో అనుకుని ఊరుకోవచ్చు. ఊరుకోకుండా తనకి ఒకప్పుడు ట్రైనింగ్ ఇచ్చిన రిటైరైన సర్జన్, రాబర్ట్ ఓస్టీన్ అని, ఆయన్ని పిలిచి ఆపరేషన్ థియేటర్‌లో ఒక పక్కన నిలబడి నన్ను చూడండి అన్నారు. ఆ రోజు ఆపరేషన్ చక్కగా జరిగింది, ఈయనకి ఒక్క లోపం కూడా కనపడలేదు. ఆయన నోట్‌బుక్ మాత్రం నిండిపోయింది. ఏమేం రాశారంటే, పేషెంట్ మీద కప్పే గుడ్డలు నువ్వు నిలబడ్డ వైపుకి బాగానే పరిచావు, అవతల నిలబడ్డ అసిస్టెంట్‌కి మాత్రం అవి చెయ్యి ఆడనివ్వట్లేదు. నీ మోచెయ్యి అప్పుడప్పుడు భుజం దాకా లేస్తోంది, అలా లేచినప్పుడు చేతికి పట్టుండదు. ఇంకోటి, లైటు కొంచెం పక్కకి జరిగిపోయింది, దాదాపు అరగంట సేపు నువ్వు అసలు వెలుతురులో కాకుండా చుట్టుపక్కల వాటి మీద పడి తిరిగొచ్చే వెలుతురులో పని చేశావు, నీకు తెలీనే తెలీదు.

దీపం కింద చీకటి అని మనం సామెతగా అంటాం, ఇక్కడ అక్షరాలా అదే జరిగింది. గవాండే 2011లో దీని గురించి రాశారు. నాకు నచ్చేదేంటంటే, ఓస్టీన్ చెప్పినవాటిలో గొప్ప రహస్యం ఒక్కటి కూడా లేదు, మోచెయ్యి, గుడ్డ, లైటు. మనిషి ఎంత తెలివైనవాడైనా తన మోచెయ్యి తను చూసుకోలేడు, అంతే సమస్య. ఇట్జాక్ పెర్ల్‌మన్ అంత వయొలినిస్ట్‌కి కూడా ఆయన భార్య టోబీ హాల్లో కూర్చుని విని చెప్పేవారట, ఆవిడా వయొలినిస్టే. ఆయనకి బయటి చెవి ఆవిడ.

ఇప్పుడు పర్సనల్‌కీ ప్రొఫెషనల్‌కీ తేడా ఏంటి అని అడుగుతారు. బ్రోషర్లలో ఉంటుంది తేడా, మనిషిలో ఉండదు. థామస్ లియొనార్డ్ అని అమెరికాలో ఫైనాన్షియల్ ప్లానర్ ఒకాయన, డబ్బు లెక్కల కోసం వచ్చిన క్లయింట్లు లెక్కలయ్యాక కూడా లేవకుండా కూర్చుని, ఉద్యోగం మానేద్దామనుకుంటున్నా, నిజంగా నాకేం కావాలో నాకే తెలీట్లేదు అని మాట్లాడేవాళ్ళట. ఆ మాటలే తన అసలు పని అనుకుని ఆయన 1992లో కోచ్‌లకి ఒక ట్రైనింగ్ సంస్థ పెట్టారు, 1995లో ఇంటర్నేషనల్ కోచ్ ఫెడరేషన్‌ మొదలెట్టారు. డబ్బు దగ్గర మొదలైంది జీవితం దగ్గర తేలింది. నా దగ్గరికి ప్రమోషన్ గురించి వచ్చినాయన మూడో సెషన్‌లో వాళ్ళ నాన్నగారి గురించి మాట్లాడతారు, పిల్లలతో ఓపిక పోతోందని వచ్చినావిడ ఆఫీసులో బాస్ గురించి మాట్లాడతారు. ఇది ఆఫీసు గంట, ఇది ఇంటి గంట అని కోసి పెట్టలేం. ఒక్క తేడా మాత్రం నిజంగా ఉంది, ఫీజు ఎవరు కడుతున్నారు అన్నది.

దీన్ని తేలిగ్గా తీసుకోకండి. కంపెనీ డబ్బు కడుతున్నప్పుడు బల్ల చుట్టూ ముగ్గురున్నారు, కంపెనీ, క్లయింట్, కోచ్. హెచ్ఆర్ వాళ్ళు మధ్యలో కారిడార్‌లో ఆపి "ఎలా ఉన్నాడండీ మావాడు, మానేసే ఆలోచనలో ఏమైనా ఉన్నాడా?" అని నవ్వుతూ అడుగుతారు. నోట్లో నువ్వు గింజ నానని మనిషి ఈ పనికి పనికిరాడు. అందుకే మొదటిరోజే ముగ్గురం కూర్చుని కాగితం మీద రాసుకుంటాం: లక్ష్యాలేంటో కంపెనీకి తెలుస్తుంది, ఎన్ని సెషన్లయ్యాయో తెలుస్తుంది, లోపల ఏం మాట్లాడుకున్నామో తెలీదు, చెప్పాలంటే క్లయింటే చెప్తారు. ఒకసారి ఒక కంపెనీ ఒకర్ని నా దగ్గరికి పంపింది, రెండు వారాల్లో నాకర్థమైంది వాళ్ళు అతన్ని తీసెయ్యాలని ముందే నిర్ణయించుకున్నారు, "మేం కోచింగ్ కూడా ఇప్పించాం" అని ఫైల్లో పెట్టుకోడానికి నన్ను వాడుతున్నారు. ఆ పని ఆపేశాను, ఆపేటప్పుడు భయమేసింది కూడా, పెద్ద క్లయింట్ వాళ్ళు.

ఇలాంటివి జరుగుతాయి కాబట్టే కోచ్‌ని పెడుతున్నాం అంటే చాలామందికి, నాలో ఏదో లోపముందని అనుకుంటున్నారు అనిపిస్తుంది. ఎరిక్ ష్మిట్‌కి గూగుల్ సీఈఓగా వచ్చిన కొత్తలో బోర్డులో ఉన్న జాన్ డోర్ ఒక కోచ్‌ని పెట్టుకో అంటే ఆయనా ముందు నొచ్చుకున్నారు, నేను తప్పేం చేశానని అన్నట్టు. ఆ వచ్చిన కోచ్ బిల్ క్యాంప్‌బెల్, ఒకప్పుడు కొలంబియా యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్‌కి నిజం కోచ్. అదే ష్మిట్ తర్వాత తనకి దొరికిన సలహాల్లో అన్నిటికంటే మంచిది అదే అన్నారు. క్యాంప్‌బెల్ బాగా చనువుగా, గట్టిగా మాట్లాడే మనిషి, సలహాలు కూడా ఇచ్చేవారు, మీరడిగే లోపే నేనే ఒప్పుకుంటున్నా. (నవ్వులు) ఆయన అటు మెంటర్, ఇటు కోచ్, రెండూ.

ఆ తేడా కూడా ఒక ఉదాహరణతో చెప్పేసి ముందుకెళ్తా. స్టేజి మీద మాట్లాడాలంటే వణుకు అనుకోండి. ట్రైనర్ దగ్గరికెళ్తే ఎలా నిలబడాలి ఎలా మొదలెట్టాలి అని నేర్పుతారు, మెంటర్ దగ్గరికెళ్తే నేను మొదటిసారి ఎక్కినప్పుడు ఏమైందో తెలుసా అని తన కథ చెప్తారు, కన్సల్టెంట్‌నైతే స్పీచ్ రాసి చేతిలో పెడతారు, థెరపిస్ట్ ఆ వణుకు ఎక్కడి నుంచి వచ్చిందో, అది మీ మిగతా జీవితాన్ని ఎంత పాడు చేస్తోందో చూసి వైద్యం చేస్తారు. కోచ్ ఏం చేస్తారంటే, వచ్చే నెల మీటింగ్‌లో మీరెలా మాట్లాడాలనుకుంటున్నారు, ఇప్పుడు సరిగ్గా ఏ క్షణంలో గొంతు పట్టేస్తోంది, అక్కణ్ణుంచి మొదలుపెడతారు. ఇవన్నీ గొప్పవే, ఏది కావాలో తెలుసుకుని వెళ్ళడమే.

థెరపీ దగ్గర మాత్రం నేను చాలా జాగ్రత్తగా ఉంటా. ఒకాయన ఫోకస్ పెరగాలి అని వచ్చారు. మాట్లాడుతుంటే తెలిసింది, నెలన్నరగా నిద్ర లేదు, ఏదీ తినాలనిపించట్లేదు, ఇష్టమైన పనులు కూడా మానేశారు, పొద్దున లేవడమెందుకు అనిపిస్తోంది అన్నారు. ఆ మాట విన్నాక గోల్స్ గీల్స్ అన్నీ పక్కన పెట్టేశాను. నేరుగా అడిగాను, చనిపోవాలనే ఆలోచనలేమైనా వస్తున్నాయా అని. అలా అడిగితే లేని ఆలోచన వస్తుందేమో అని చాలామందికి భయం, రాదు, అడగడమే మంచిది. లేదన్నారు. ఇది నేను చూడాల్సింది కాదండీ, డాక్టర్ చూడాల్సింది, మీకు అభ్యంతరం లేకపోతే అపాయింట్‌మెంట్ ఇప్పుడే ఇక్కణ్ణుంచే తీసుకుందాం అన్నాను. ఆ రోజు ఫీజు తీసుకోలేదు. పాజిటివ్‌గా ఆలోచించండి, పొద్దున్నే ఐదింటికి లేవండి అని ఇలాంటివాళ్ళని తోలే కోచ్‌లు ఉన్నారు, వాళ్ళ గురించి ఈ మైకులో చెప్పగలిగే భాష నా దగ్గర లేదు.

ఎందుకిలా అంటే, డాక్టర్‌కీ లాయర్‌కీ ఉన్నట్టు కోచ్‌కి చట్టప్రకారం లైసెన్స్ అనేది చాలా దేశాల్లో లేదు. రేపు పొద్దున మీరు కార్డు కొట్టించుకుని లైఫ్ కోచ్ అనుకోవచ్చు, ఎవరూ ఆపరు. అందుకని అడిగి తెలుసుకోండి. ఇందాక చెప్పిన ఫెడరేషన్ వాళ్ళ సర్టిఫికెట్లలో మొదటి మెట్టుకే 60 గంటల చదువూ, 100 గంటలు నిజంగా క్లయింట్లతో కూర్చున్న అనుభవమూ కావాలి, రెండో మెట్టుకి 125, 500, పైమెట్టుకి 200, 2500. సర్టిఫికెట్ ఉన్నంత మాత్రాన మంచి కోచ్ అని కాదు, కనీసం ఇన్నిసార్లు ఎవరి ముందో కూర్చున్నారని తెలుస్తుంది. నేనైతే ఇంకోటి కూడా చూడమంటా, మొదటి పరిచయం కాల్‌లో ఎవరు ఎక్కువ మాట్లాడారు? ఆరు వారాల్లో మీ జీవితం మార్చేస్తా అన్నారా? మీ సమస్య మీరు సగం చెప్పేలోపే అది తన పద్ధతిలో ఏ గదిలో పడుతుందో చెప్పేశారా? తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అనే రకం, వెంటనే ఫోన్ పెట్టేయండి.

పని చేస్తుందా ఇది అసలు అని కూడా అడగాలి మీరు. 2014లో కొందరు డచ్ పరిశోధకులు సంస్థల్లో జరిగిన కోచింగ్ మీద వచ్చిన 18 అధ్యయనాలు కలిపి చూశారు, పనితీరు, ఒత్తిడి తట్టుకోవడం, ఉద్యోగం పట్ల వైఖరి, ఇలా చూసిన అన్నిటిలోనూ మేలే కనపడింది, అన్నిటికంటే ఎక్కువ కనపడింది లక్ష్యం పెట్టుకుని దాని వెంట తనని తాను నడుపుకోవడంలో. 18 అంటే పెద్ద సంఖ్య కాదు, నేనూ ఒప్పుకుంటా. అద్భుతాలు చేస్తుందని చెప్పేవాళ్ళని నమ్మకండి, ఉత్త మాటలు అని కొట్టిపారేసేవాళ్ళనీ నమ్మకండి.

సరే, టైమ్ అయిపోతోందని చెయ్యూపుతున్నారు. ప్రశ్నలేమైనా ఉంటే...

ఆ, అక్కడ, నీలం చొక్కా. మేనేజర్‌గా మా టీమ్‌ని మేమే కోచ్ చెయ్యొచ్చా? చెయ్యొచ్చండీ, కొంతవరకే. ఇంక్రిమెంట్ మీ చేతిలో ఉన్నంతకాలం వాళ్ళు మీకు అన్నీ చెప్పరు, చెప్పకపోవడమే తెలివి కూడా. కానీ ఎవరైనా "సార్, ఇదెలా చెయ్యాలి" అని వచ్చినప్పుడు వెంటనే చెప్పకుండా "నువ్వేమనుకుంటున్నావ్?" అని అడిగి మూడు లెక్కపెట్టొచ్చు. సర్వర్ తగలబడిపోతున్నప్పుడు మాత్రం అడక్కండి. (నవ్వులు) అప్పుడు చెప్పేయాలి.

ఇంకొకటి తీసుకుందాం. చివర్న కూర్చున్న అమ్మాయి. ఇంట్లో వాళ్ళకి చెయ్యొచ్చా? వద్దమ్మా. నేను చేసి చూశాను. మా అమ్మాయి ఒకరోజు కాలేజీ నుంచి మొహం మాడ్చుకుని వచ్చింది, నేను పక్కన కూర్చుని చాలా మెత్తగా, "ఈ పరిస్థితిలో నీ చేతిలో ఉన్నది ఏంటనుకుంటున్నావ్?" అని అడిగాను. అది బ్యాగ్ కింద పడేసి నా వంక చూసి, "అమ్మా, నువ్విప్పుడు అమ్మగా అడుగుతున్నావా, కోచ్‌గానా? కోచ్‌గా అయితే నాకు అపాయింట్‌మెంట్ లేదు" అని లోపలికెళ్ళి తలుపేసుకుంది. నేను కాసేపు ఆ తలుపు బయటే కూర్చున్నా. పావుగంటకి తలుపు కొంచెం తీసి, "నువ్వింకా ఇక్కడే ఉన్నావా?" అంది. ఉన్నా అన్నాను. అప్పుడు చెప్పింది ఏమైందో.